గోడ మీది పంతొమ్మిది మస్కీలు

లిటిల్ కెటిల్ సరస్సు, విస్కాన్సిన్
1938 జూన్ 14

ఒరే ఆర్విడ్,

కుశల ప్రశ్నలు ఈసారికి వద్దు. మీ ఆవిడ థోరాని అడిగానని చెప్పు, అంతే. నువ్వు బాగానే ఉండి ఉంటావు. ఎవరి కొంపకి నిప్పంటుకున్నా నీకు ఆకలి మందగించదు, చిన్నప్పటినుంచీ చూస్తున్నాను.

సూటిగా ఒకటి అడుగుతాను, సూటిగా జవాబు రాయి. రెండేళ్ళ కిందట ఆగస్టులో నువ్వు రెండు పాల క్యాన్లు రైల్లో వేసుకొచ్చావు. వాటి నిండా వేలెడంత చేపపిల్లలు. నువ్వూ మీ బావా పడవెక్కి వాటిని మా సరస్సులో వదిలి, ఊరిని ఉద్ధరించినట్టు మొహాలు పెట్టుకుని వచ్చి నా ఏలకుల రొట్టె మొత్తం తినేశారు. అవి మస్కీ పిల్లలని నువ్వే చెప్పావు. ఇప్పుడు చెప్పు, అవి ఏం పిల్లలు?

సంగతేమిటంటే, మిల్వాకీ నుంచి మస్కీ వేట క్లబ్బు వాళ్ళు సెప్టెంబరులో తమ చేపలు పట్టే పోటీ ఇక్కడ పెట్టుకుంటామన్నారని చలికాలంలో నీకు రాశాను కదా. అతిథులకి అద్దెకిచ్చే ఆరు క్యాబిన్లూ రెండు వారాలు వాళ్ళకే. నవంబరులో మీ బావ చనిపోయినప్పటి నుంచీ ఊళ్ళో ప్రతివాళ్ళూ నన్ను చూసి నాలుక చప్పరిస్తున్నారు, ఒంటరి ఆడది ఈ చోటుని ఏం నడుపుతుందని. అలాంటి రోజుల్లో వచ్చింది ఆ ఉత్తరం. వాళ్ళు నా మొహం చూసి రావడం లేదు. లిటిల్ కెటిల్‌లో మస్కీ తప్ప, దాన్నే పోలిన పైక్ అనే చవక చేప అన్నది లేదని మీ బావ గున్నార్ ఇచ్చిన మాట మీద వస్తున్నారు. భోజనాల గది గోడ మీద గడ్డి కుక్కిన పంతొమ్మిది మస్కీలు వేలాడుతున్నాయని విని వస్తున్నారు.

ఆ క్లబ్బు కార్యదర్శి క్రూగర్ అనే ఆయన చోటు చూసుకుందామని మొన్న ముందుగా వచ్చాడు. చాలా పద్ధతైన మనిషి, జేబులో కొలతపట్టీ పెట్టుకుని తిరుగుతాడు. తనే పడవ వేసుకుని వెళ్ళి గంటలో ఒక చేపతో తిరిగొచ్చాడు. టోపీ తీసి, చాలా మర్యాదగా, "మేడమ్, ఇది పైక్ అండీ" అన్నాడు. పైక్ చేరిన నీళ్ళలో మస్కీ నిలవదట. మంచు కరగ్గానే పైక్ గుడ్లు పెట్టేస్తుందట, మస్కీ ఆ తర్వాత ఎప్పటికో పెడుతుందట. మస్కీ పిల్లలు కళ్ళు తెరిచేసరికి పైక్ పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఉంటాయట. చేప చిన్నది, నేను పొరబడి ఉండొచ్చు, జులై నెలాఖరులోగా మీరే నిజం కనుక్కుని రాయండి, మీ మాటే ఖాయం చేసుకుంటాం అని చెప్పి వెళ్ళాడు.

ఆ మాట నేను ఏమని ఇవ్వాలి? నీ రెండు క్యాన్లు తప్ప ఈ సరస్సులోకి బయటి చేప రాలేదు. వెంటనే రాయి.

నీ అక్క
సిగ్నె

*

రెడ్ లాండింగ్, మిసిసిపీ ఒడ్డు
1938 జూన్ 19

అక్కా,

నీ ఉత్తరం భోజనం ముందు చదివాను, నా ఆకలి గురించి నువ్వు రాసింది తప్పని అక్కడే రుజువైంది. థోరా వడ్డించిన పళ్ళెం అలాగే ఉండిపోయింది.

పధ్నాలుగేళ్ళుగా నేను చేస్తున్న పనేమిటో నీకు తెలుసా? వసంతంలో నది పొంగుతుంది, దిగిపోతుంది. పొలాల మధ్య గుంటల్లో చేపలు చిక్కుకుపోతాయి. మేం పదిమందిమి నడుం లోతు బురదలో వలలు లాగి, ఎండకి చావబోయే వాటిని ఏరి, రకం ప్రకారం తొట్లలో వేరుచేసి మళ్ళీ నదిలో వదులుతాం. ఒక్కరోజులో పది వేల చేపలు నా చేతుల మీదుగా పోతాయి. పైక్‌కీ మస్కీకీ తేడా తెలియని వాడిని ఈ ముఠాలో పూట కూడా ఉంచరు. ఆ రెండు క్యాన్లూ నేను గుంటల్లోంచి తేలేదు. చేపపిల్లల్ని పెంచే కేంద్రంలో నా స్నేహితుణ్ణి బతిమాలి, అసలైన మస్కీ పిల్లల్ని అడిగి తెచ్చాను. పది మైళ్ళకోసారి రైలు దిగి నీళ్ళు మార్చాను. దానికి నువ్విచ్చిన బహుమానం ఇది.

ఇంకెవరైనా నీ చెవిలో పువ్వు పెట్టకుండా నేర్చుకో. పైక్ ఒళ్ళు ముదురు ఆకుపచ్చ, దాని మీద చిక్కుడు గింజలంత లేత మచ్చలు. మస్కీ ఒళ్ళు లేత రంగు, దాని మీద ముదురు చారలు. అంటే ఒకటి ఇంకోదానికి సరిగ్గా తిరగేసి అద్దినట్టుంటుంది. తోక చివరలు పైక్‌కి గుండ్రం, మస్కీకి కోసు. మచ్చలూ తోకా చూసినా అనుమానం తీరకపోతే తల వెల్లకిలా తిప్పి కింది దవడ చూడు. సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు వరసగా ఉంటాయి. ఒక్కో పక్క ఐదు, లేదా అంతకు తక్కువ ఉంటే అది పైక్. ఆరు, ఆపైన ఉంటే మస్కీ. రంగు మారొచ్చు, తోక చిరగొచ్చు, దవడ కింద గుంటలు అబద్ధం చెప్పవు.

గుణం కూడా వేరు. పైక్ తిండిపోతు, చెంచా విసిరినా మింగుతుంది. మస్కీ వారం రోజులు నీ ఎర వెంట పడవ దాకా వచ్చి, నీ మొహం ఒకసారి చూసి, తోక ఊపి వెళ్ళిపోతుంది. గంటలో పట్టానన్నాడంటే నీ క్రూగర్ పట్టింది పైకే అయ్యుంటుంది. అది ఎలా వచ్చిందో నన్నడిగితే? ఏ వరదకో కాలవ వెంట ఎగబాకి ఉంటుంది.

నేను తెచ్చినవి మస్కీలు. ఇక ఈ మాట ఎత్తకు.

ఆర్విడ్

*

లిటిల్ కెటిల్ సరస్సు
1938 జూన్ 24

ఆర్విడ్,

నీ ఉపన్యాసం అందింది. గుంటలు లెక్కపెట్టమన్నావు. దేన్ని పట్టుకుని లెక్కపెట్టను? క్రూగర్ గారి చేపని ఆ రోజే ఆయనే కోసిస్తే వెన్నలో వేయించి ఆయనకే పెట్టాను. ముళ్ళు ఎక్కువున్నాయన్నాడు పాపం. తల పిల్లి తీసుకుపోయింది.

కాలవ వెంట ఎగబాకిందట. మా సరస్సుకి కాలవెక్కడుందిరా? చుట్టూ గుట్టలు, ఊట నీళ్ళు. నువ్వే పదిసార్లు అన్నావు, మూతపెట్టిన గిన్నెలా ఉందక్కా మీ సరస్సు అని. చేప ఎగిరి వచ్చిందంటావా?

ఇక్కడ నా తల ప్రాణం తోకకొస్తోంది. మూడో క్యాబిన్ కప్పు కారుతోంది. వంటకి సాయం వచ్చే పిల్ల దోమలు కుడుతున్నాయని పని మానేసింది, అడవిలో దోమలుంటాయని దానికి ఎవరూ చెప్పలేదు కాబోలు. ఈ ఇరవై ఆరేళ్ళలో నేనొక్క చేపని కోసి ఎరగను. అది మీ బావ పని. ఒడ్డున తన పాకలో కోసి, తెల్లటి ముక్కలు పళ్ళెంలో పెట్టి తెచ్చేవాడు, నేను వేయించేదాన్ని. మస్కీ అంటే మస్కీ అనుకున్నాను. ఇప్పుడు క్లబ్బుకి మాటివ్వాల్సింది నేను, ఆ చేప ఎలా ఉంటుందో కూడా నాకు సరిగా తెలియదు. సిగ్గుగా ఉంది.

అందుకని ఒక నిర్ణయానికొచ్చాను. జులై నాలుగు స్వాతంత్ర్యదినం పండగ రద్దీ తగ్గగానే నీ ఉత్తరం చేత్తో పట్టుకుని, కుర్చీ ఎక్కి, గోడ మీద మీ బావ మస్కీలు పంతొమ్మిదీ ఒక్కొక్కటే చూస్తాను. ముందు చలిమంట పొయ్యి పైన గోడకున్న పెద్దదాన్ని. అసలు మస్కీ ఎలా ఉంటుందో కళ్ళకి అలవాటైతే, ఆ తర్వాత ఎవడు ఏ చేప తెచ్చి చూపించినా నేనే చెప్పగలను. నీ దాకా రానక్కర్లేదు.

థోరా గొంతు వాపు తగ్గిందా? ఆ సంగతి రాయడానికి నీకు తీరిక లేదు, చేపల తోకల గురించి రెండు పేజీలు రాశావు.

సిగ్నె

*

రెడ్ లాండింగ్
1938 జూన్ 27

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది, తపాలా వాడు వెళ్ళకముందే రాస్తున్నాను. పోయిన ఉత్తరం రాసినప్పటినుంచీ ఆలోచిస్తున్నాను. తప్పు నాదే. ఆ క్యాన్లలోవి పైక్ పిల్లలే. వేలెడంత ఉన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. నా స్నేహితుడు పొరబడ్డాడు, నేను చూసుకోలేదు. నన్ను క్షమించు.

క్రూగర్ గారికి అలాగే రాసెయ్యి, నా పేరు పెట్టు. రెండేళ్ళ కిందట పొరపాటున పడ్డాయి, కొద్దిగానే ఉంటాయి, వలలేసి తీయించేస్తామని చెప్పు. సెప్టెంబరులోపు నేనే వచ్చి తీస్తాను.

గోడ మీది చేపల జోలికి మాత్రం పోకు. వాటిని ముట్టుకుంటే వార్నిష్ లేస్తుంది. కుర్చీలెక్కే వయసా నీది? ఇంక ఆ గుంటల లెక్కతో పనిలేదు కదా, నేనే ఒప్పుకున్నాను.

థోరాకి బాగానే ఉంది. నిన్ను అడిగింది.

నీ తమ్ముడు
ఆర్విడ్

*

లిటిల్ కెటిల్ సరస్సు
1938 జులై 1

ఆర్విడ్,

నీకు ఒంట్లో బాగానే ఉందా?

నలభై ఆరేళ్ళుగా నిన్నెరుగుదును. నువ్వు తప్పు ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నాన్న పడవ రాతికి కొట్టి ముంచినప్పుడు, రాయే కదిలి వచ్చిందన్నావు. పెళ్ళిరోజు చర్చికి గంట ఆలస్యంగా వచ్చి పాదిరీ గారి గడియారం తప్పన్నావు. అలాంటివాడివి, వారం కిందట పధ్నాలుగేళ్ళ అనుభవమని నా మీద ఎగిరి, ఇవాళ "క్షమించు అక్కా" అంటున్నావు. ఉత్తరం మొదట "ప్రియమైన" అని కూడా ఉంది. థోరా పక్కన కూర్చుని రాయించిందా? లేక డాక్టరు ఏమైనా చెప్పాడా? దాచకు.

ఏదైతేనేం, ఒప్పుకున్నావు. అప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదా మరి? మీ బావ ఆ క్యాన్లు వచ్చిన రోజు ఎంత సంతోషపడ్డాడో చూశావుగా. తనే మోసుకెళ్ళాడు, నన్ను వాటి మీద చెయ్యి కూడా వెయ్యనివ్వలేదు. పైక్ పిల్లల్ని చూసి అంత సంబరపడి పోయాడన్నమాట పిచ్చి మనిషి.

క్రూగర్ గారికి నిన్ననే రాసేశాను. నా తమ్ముడు, ప్రభుత్వం వారి చేపల పనివాడు, మస్కీ అని నమ్మించి పైక్ పిల్లల్ని తెచ్చి వదిలాడు అని ఉన్నదున్నట్టు రాశాను. కోపంలో కాస్త ఎక్కువే రాశానేమో. సాయంత్రం టపా పోయాక కొంచెం బాధేసింది.

వార్నిష్ గురించి నీకెప్పటినుంచి ఇంత బెంగ?

సిగ్నె

*

రెడ్ లాండింగ్
1938 జులై 7

అక్కా,

ఇది పోస్టుకార్డే, ఎక్కువ రాయను. నీ క్రూగర్ పద్ధతైన మనిషన్నావు, నిజమే. నీ ఉత్తరానికి నకలు తీసి మా పైఅధికారికి పంపాడు. ఆయన పిలిచి అడిగాడు, నేను అవునన్నాను. విచారణ అయ్యేదాకా వల ముట్టుకోవద్దన్నారు. షెడ్డులో తొట్లు కడుగుతున్నాను. పరవాలేదు, ఎలాగూ మోకాళ్ళు నొప్పి. నువ్వేం దిగులుపడకు. ఆ పొయ్యి మీది చేపని మాత్రం దించకు.

ఆర్విడ్

*

లిటిల్ కెటిల్ సరస్సు
1938 జులై 11

ఆర్విడ్,

దించాను.

నువ్వు అంతగా వద్దంటే ఎందుకు దించనని నీకు తట్టలేదా? ఆదివారం అతిథులందరూ పడవల మీద వెళ్ళాక తలుపు గొళ్ళెం పెట్టుకుని కుర్చీ ఎక్కాను. ముందు తలుపు పక్కనున్న పాతవాటితో మొదలుపెట్టాను. వాటి కింద చెక్కల మీద మీ బావ చేతిరాతతో సంవత్సరాలున్నాయి: 1921, 24, 27, అలా. లేత ఒళ్ళు, ముదురు చారలు, కోసు తోకలు. అల్లిక సూది పెట్టి దవడల కింద లెక్కపెట్టాను. ఏడు, ఎనిమిది, ఏడు. పదకొండు చేపలు నువ్వు చెప్పినట్టే ఉన్నాయి. నాకు గర్వంగా కూడా అనిపించింది, ఇన్నాళ్ళకి నేర్చుకున్నానని.

తర్వాత కిటికీ వైపు గోడ. పొయ్యి మీది పెద్దది తప్ప 1934 నుంచి వచ్చినవన్నీ అక్కడున్నాయి, ఏడు. చిక్కుడు గింజల్లాంటి లేత మచ్చలు. గుండ్రం తోకలు. ఐదు, ఐదు, నాలుగు, ఐదు. నా కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాను. నీ ఉత్తరం తప్పనుకున్నాను. నేను తల్లకిందులుగా చదివాననుకున్నాను.

ఆఖరికి పొయ్యి మీది పెద్దది. దానికి ముదురు చారలున్నాయి, కాబట్టి హమ్మయ్య అనుకున్నాను. దించి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాను. ఒక పక్క ఐదు, రెండో పక్క ఐదు. గోటితో గీకితే చార లేచొచ్చింది, రంగు కింద లేత మచ్చ.

ఆ రంగు ఎవరు వేయించారో తెలుసా? నేను. 1935 అక్టోబరులో మీ బావ దాన్ని పట్టుకొచ్చి పాకలో పడేశాడు, కోసేస్తానన్నాడు. ఇంత చేపని కోసేస్తారా అని నేను ఆయనకి చెప్పకుండా చేపలకి గడ్డి కుక్కే వాడికి పంపాను, పుట్టినరోజుకి ఇద్దామని. "మస్కీ, ముప్ఫై ఎనిమిది అంగుళాలు" అని చీటీ రాసింది నేనే. వాడు చీటీ చూసి చారలు గీశాడు. గోడకి తగిలించిన రోజు మీ బావ చాలాసేపు దాన్నే చూశాడు. సంతోషమనుకున్నాను. ఆ తర్వాత రెండేళ్ళు ఆయన దాని కిందే కూర్చుని భోంచేశాడు.

నీ క్యాన్లు వచ్చింది 1936లో. ఇది గోడెక్కింది 1935లో. రెండేళ్ళ పిల్లలు ముప్ఫై ఎనిమిది అంగుళాలు కావని నాకూ తెలుసు. కాబట్టి నువ్వు తెచ్చినవి మస్కీలే, నువ్వు ఒప్పుకున్నది అబద్ధం. ఆ అబద్ధం పట్టుకుని నేను నీ ఉద్యోగానికి ఎసరు పెట్టాను.

పైక్ ఎక్కడినుంచి వచ్చింది? ఈసారి అబద్ధం రాశావో, థోరాకి రాసి కనుక్కుంటాను.

సిగ్నె

*

రెడ్ లాండింగ్
1938 జులై 15

అక్కా,

థోరాకి తెలియదు. నాకూ బావకీ తప్ప ఎవరికీ తెలియదు. ఎవరికీ చెప్పనని బావకి మాటిచ్చాను, ఇప్పుడు తప్పుతున్నాను.

1932 వేసవి నీకు గుర్తుండే ఉంటుంది. దేశమంతా పనుల్లేవు, షికారుకి వచ్చే వాళ్ళే తక్కువ. వచ్చిన వాళ్ళకి చేప పడలేదు. బావ ఒక్కో మనిషిని ఏడేసి రోజులు పడవలో తిప్పాడు, చేతులు బొబ్బలెక్కాయి, మస్కీ వచ్చి మొహం చూసి వెళ్ళిపోయింది. వాళ్ళు ఉత్త చేతులతో పోయి మళ్ళీ రామని రాశారు. ఆ వేసవి మొత్తానికి పడింది ఒక్కటే.

ఆగస్టులో ఒకరోజు బావ లారీ వేసుకుని చెప్పకుండా ఇక్కడికొచ్చాడు. వెనకాల నాలుగు ఖాళీ పాల క్యాన్లు. నువ్వు డులూత్ వెళ్ళిపోతానన్నావట. ఒక్క వేసవి కూడా ఇక్కడ ఉండను, డులూత్ హోటల్లో వంట చేసుకు బతుకుతాను, నువ్వూ నీ చేపలూ కలిసి ఏడవండి అన్నావట. నేను సర్దిచెప్పబోయాను, ఆడవాళ్ళు కోపంలో ఏదో అంటారు బావా అని. ఆయన నా మొహం కూడా చూడలేదు. "సిగ్నె ఊరికే అనదురా. తను వెళ్ళిపోతే ఈ సరస్సు నాకెందుకు?" అన్నాడు.

ఏ ఎర వేసినా పడే చేప కావాలన్నాడు. అతిథులు నవ్వుతూ ఇంటికి పోవాలన్నాడు. నేను పైక్ ఇచ్చాను. గుంటలో చిక్కుకున్నవి, కొన్ని అప్పటికే జానెడున్నర, కొన్ని మూరెడు. మస్కీ పాడవుతుందేమో బావా అన్నాను, గట్టిగా అనలేదు. అప్పట్లో నాకూ సరిగా తెలియదు. అదీ నా తప్పే.

రెండేళ్ళకి అవి పెరిగాయి. మొదట పట్టిన షికాగో మనిషి "మస్కీ" అని కేకపెట్టి బావని కౌగిలించుకున్నాడట. బావ అవునన్నాడు. ఆ ఒక్క అవును తర్వాత కాదనడానికి దారి లేకపోయింది. నువ్వు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ఆ చేపని చూసి నవ్వావట. చాలా రోజుల తర్వాత నవ్వింది ఆర్విడ్ అని నాకు రాశాడు.

తర్వాత మస్కీ పిల్లలు కనబడడం మానేశాయి. బావకి అర్థమైంది. ప్రతి శరదృతువూ అతిథులు పోయాక రోజంతా ఒక్కడే పడవలో ఉండేవాడు చూడు, పని తప్పించుకుంటున్నాడని నువ్వు సణిగేదానివి. పైక్‌లని పట్టి చంపుతుండేవాడు, ఒక్కొక్కటే. ఆ పెద్దది అలా పట్టిందే. 1936లో మస్కీ పిల్లల్ని తెచ్చిపెట్టమని నన్ను బతిమాలాడు. అందుకే ఆ క్యాన్ల మీద నిన్ను చెయ్యి వెయ్యనివ్వలేదు.

కోపంలో నీకు ఆ గుంటల లెక్క రాశాక, నువ్వు గోడ చూస్తానన్నాక గాని నేనేం చేశానో నాకు తెలియలేదు. బావ పేరు బయటికి రాకుండా చూద్దామని నేనే చేశానన్నాను. చేసింది సగం నేనేగా, పెద్ద అబద్ధం కూడా కాదు.

నీ ఇష్టం, ఎవరికేం రాస్తావో. నాకు తొట్లు కడగడం అలవాటైపోయింది.

ఆర్విడ్

*

లిటిల్ కెటిల్ సరస్సు
1938 జులై 24

ఆర్విడ్,

ముందు పని సంగతి. మీ పైఅధికారికి నాలుగు పేజీలు రాశాను. నువ్వు తెచ్చినవి మస్కీలేనని, నేను రాసిన ఫిర్యాదు తప్పని, నా భర్తని కాపాడబోయి నువ్వు నేరం నెత్తినేసుకున్నావని. నువ్వు మీ బావకి పైక్ ఇచ్చిన మాట కూడా రాయాల్సి వచ్చింది, అబద్ధాలకి ఇక ఈ ఇంట్లో చోటు లేదు. దానికి తిట్లు తినాలి, తిను. వల మాత్రం తిరిగి ఇస్తారనే అనుకుంటున్నాను.

క్రూగర్ గారికీ రాశాను. మా సరస్సులో పైక్ ఆరేళ్ళుగా ఉంది, తెలిసే వదిలాం, నాలుగేళ్ళుగా దాన్ని మస్కీ అని చూపించాం అన్నాను. "నా భర్త" అని రాయబోయి "మేము" అని రాశాను. ఆ పెద్దదానికి చీటీ నాదేగా. నిన్న జవాబొచ్చింది. చాలా మర్యాదగా ఉంది. పోటీ వేరే సరస్సుకి మార్చుకున్నారట. నిజం చెప్పినందుకు కృతజ్ఞతలట. సెప్టెంబరులో ఆరు క్యాబిన్లూ ఖాళీ. ఊళ్ళో వాళ్ళు మళ్ళీ నాలుక చప్పరించడం మొదలుపెట్టారు, ఈసారి కారణం ఉంది కాబట్టి చప్పరించుకోనీ. గోడ మీద పదకొండు మిగిలాయి, ఎనిమిది పాకలో పెట్టాను. ఇప్పుడున్న అతిథులకి మాత్రం పైక్ అని చెప్పే పెడుతున్నాను, వాళ్ళకేం పట్టలేదు, పట్టుకుంటున్నారు, తింటున్నారు. పోయిన మస్కీ గురించి బాధపడేది నేనొక్కదాన్నే. నాలుగు వారాల కిందట దాన్ని గుర్తుపట్టడం కూడా రాదు నాకు.

ఇక డులూత్.

నీ ఉత్తరం చదివాక ఆరు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. నేను ఆ మాట ఎప్పుడన్నానో నాకు గుర్తు లేదు. నీకు ఒట్టేసి చెబుతున్నాను, గుర్తు లేదు. పొయ్యి పొగ కక్కి ఉంటుంది. ఉతికిన దుప్పట్ల మీద వాన పడి ఉంటుంది. ఎవరో అతిథి కూరలో ఉప్పు లేదని ఉంటాడు. చేతిలో ఉన్న గరిటె విసిరేసి డులూత్ అని ఉంటాను. మరోసారి ఇంకే ఊరో అనుంటాను. డులూత్‌లో నాకెవరున్నారు ఆర్విడ్? ఒక్కసారి నిజంగా వెళ్తావా అని అడిగుంటే నేను నవ్వేదాన్ని. పెట్టె సర్దానేమో వచ్చి చూసినా తెలిసేది. అడగలేదు, చూడలేదు. లారీ వేసుకుని నీ దగ్గరికొచ్చాడు. నేనెక్కడికీ పోకుండా ఉండడానికి, ప్రాణం కన్నా ఎక్కువగా చూసుకున్న సరస్సుని పాడుచేసుకున్నాడు. ఆ తర్వాత ఐదేళ్ళు నా పక్కనే ఉండి, నేను వేయించి పెట్టిందల్లా తిని, ఒక్క ముక్క నోరు విప్పలేదు.

ఆ మనిషి మీద పట్టరాని కోపంగా ఉంది నాకు. నీ మీద కూడా ఉంది, కానీ అది వేరు. ఇరవై ఆరేళ్ళలో నాకు ఏ కోపం వచ్చినా ఆయన ముందే వెళ్ళగక్కాను. ఆయన్ని తిట్టడానికి ఇవాళ ఆయన లేడు. సమాధి దగ్గరికి వెళ్ళి తిట్టబోయాను, ఏడుపొచ్చింది, అది నాకు అక్కర్లేదు.

అందుకని సెప్టెంబరులో నువ్వూ థోరా రండి. ఏ క్యాబిన్ కావాలంటే అది. నిన్ను కూర్చోబెట్టి తీరిగ్గా తిట్టాలి, మధ్యలో లేచిపోకుండా కూర్చోవాలి. మీ బావ నేనన్న ప్రతి మాటా నమ్మేవాడు. నువ్వు నమ్మకు, విను చాలు.

అక్క